రొదలన్: డచ్ వాళ్ల మధ్య ‘వెనకాల మాటల’తో ఎలా మెలగాలి

నెదర్లాండ్స్‌కు చదువుకో ఉద్యోగానికో వెళ్లి డచ్ నేర్చుకునేవాళ్లకు మొదటి పాఠాల్లో ఎదురుకాని మాట ఒకటుంది: రొదలన్. మనిషి ఎదుట లేనప్పుడు అతని గురించి చెవులు కొరుక్కోవడం అని అర్థం. పుస్తకంలో లేకపోయినా ఆఫీసులో, కాలేజీలో, అపార్ట్‌మెంట్ మెట్ల మీద త్వరగానే చెవిన పడుతుంది. కొత్తవాళ్లు మాట్లాడే డచ్‌లో చాలా తప్పులకు అక్కడివాళ్లు సర్దుకుపోతారు. ఈ మాట తప్పుచోట పడితే మాత్రం ఎదుటి మనిషి మీద నింద వేసినట్టవుతుంది. అందుకే దీన్ని పలకడం, వాక్యంలో పెట్టడం, దాని బరువు తెలుసుకోవడం, ఆ మాటల మధ్య ఇరుక్కుంటే బయటపడటం వరుసగా చూద్దాం.

డచ్ మాటలన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే ఉన్నాయి. ‘ఖ’ అని రాసినచోట గాలి గొంతులో రాసుకుంటూ రావాలి, ఉర్దూలో ‘ఖబర్’ అన్నట్టు. బ్రబంత్, లింబుర్ఖ్ లాంటి దక్షిణ ప్రాంతాల్లో ఆ రాపిడి మెత్తగా ఉంటుంది.

పలకడం, వాక్యంలో పెట్టడం

స్పెల్లింగ్ ఇది: ఆర్, ఓ, డి, డి, ఈ, ఎల్, ఈ, ఎన్. రెండు డిలు కనిపించగానే మనం వత్తు పలికేస్తాం. పలకకూడదు. ముందున్న అచ్చు పొట్టిదని చెప్పడానికే డచ్‌లో హల్లును రెండుసార్లు రాస్తారు, నోటితో పలికేది ఒక్కటే. ఆ డి మన ‘డ’ కంటే ‘ద’కే దగ్గర. తర్వాతి రెండు ‘ఈ’లూ తేలిపోయే ‘అ’లు. ఊనిక మొదటి అక్షరం మీద పడాలి. ఆమ్‌స్టర్‌డామ్, రాటర్‌డామ్ వైపు మామూలు మాటల్లో చివరి ‘న్’ వినపడదు, ‘రొదల’ అన్నట్టే ఉంటుంది. ఖ్రోనింగన్ వైపు ఆ ‘న్’ గట్టిగా వినపడుతుంది. మన ‘రొద’ను తలచుకుంటే మొదటి సగం నాలుకకు పట్టుబడుతుంది.

రూపాలు సులువే. ఇక్ రొదల్ (నేను), యై రొదల్త్ (నువ్వు), వై రొదలన్ (మేము). గతంలో ఒకరైతే రొదల్ద, పలువురైతే రొదల్దన్. ‘హెబన్’ అనే సహాయక్రియతో కలిసి వచ్చేది ఖరొదల్త్. దాని చివర రాసేది డి, పలికేది త్. ఈ తేడా తెలియనివాళ్లు విన్నదాన్ని విన్నట్టే రాసి పరీక్షలో మార్కు పోగొట్టుకుంటారు.

అసలు చిక్కు విభక్తి దగ్గర. ‘ఓవర్’ పెడితే ఎవరి గురించి అని, ‘మెత్’ పెడితే ఎవరితో కలిసి అని. ‘ఇక్ హెప్ ఓవర్ పీతర్ ఖరొదల్త్’ అంటే పీటర్ గురించి వెనకాల మాట్లాడానని. ‘ఇక్ హెప్ మెత్ పీతర్ ఖరొదల్త్’ అంటే పీటర్, నేను కలిసి ఇంకెవరి గురించో మాట్లాడుకున్నామని. ఒకదాంట్లో పీటర్ బాధితుడు, రెండోదాంట్లో భాగస్వామి. తెలుగులో ‘గురించి’, ‘తో’ పేరు వెనక వస్తాయి, డచ్‌లో ముందు వస్తాయి. తొందరలో మనసు తెలుగు వరుసలో నడుస్తుంది, ఏది ముందు తోస్తే అది నోట్లోంచి వచ్చేస్తుంది. పేరు పలకడానికి ముందు ఒక్క క్షణం ఆగి విభక్తి ఎంచుకోండి.

కర్తను చెప్పకుండా మాట్లాడే దారి కూడా ఉంది, తప్పక నేర్చుకోవాలి: ‘అర్ వొర్త్ ఖరొదల్త్’. చాటుమాటుగా మాటలు నడుస్తున్నాయని దీని భావం. ఎవరన్నారో చెప్పదు, ఎవరి వైపూ వేలు చూపదు. టీమ్‌లో వాతావరణం బాగాలేదని మేనేజర్‌కు చెప్పాలంటే ఈ వాక్యమే పనికొస్తుంది. ‘యులీ రొదలన్’ (మీరంతా చాటుగా మాట్లాడుకుంటున్నారు) అన్నారా, గది నిశ్శబ్దమైపోతుంది.

మాటకు బరువెంత

కుదిపి చూస్తే ఈ కుటుంబంలో చాలా మాటలు రాలతాయి. వాటికి మన భాషలో ఇప్పటికే జోడీలున్నాయి కాబట్టి తెలుగువాళ్లకు పట్టుకోవడం సులువు. క్లెత్సన్ అంటే పిచ్చాపాటీ. ఎవరికీ నొప్పి లేదు. బైక్లెత్సన్ అంటే చాలాకాలానికి కలిసినవాళ్లు ఒకరి కబుర్లు ఒకరు చెప్పుకోవడం. ఇది పూర్తిగా మంచి మాట, స్నేహితుల్ని కాఫీకి పిలవడానికి దీన్నే వాడతారు. రొదలన్ వీటి తర్వాతి మెట్టు. దాన్ని దాటితే క్వాత్‌స్ప్రేకన్, అంటే ఆడిపోసుకోవడం. క్లికన్ వేరే జాతి: టీచర్‌కో పెద్దవాళ్లకో చాడీలు చెప్పడం. అలా చెప్పే పిల్లాణ్ని ‘క్లిక్‌స్పాన్’ అని తోటిపిల్లలు పాట కట్టి ఏడిపిస్తారు. ఖరుఖ్త్ అంటే పుకారు, ఎక్కడ పుట్టిందో తెలియని వార్త.

చాలామంది క్లెత్సన్‌నూ రొదలన్‌నూ కలిపేస్తారు. మీ ఇద్దరు సహోద్యోగులు వంటింట్లో వారాంతం ముచ్చట్లు చెప్పుకుంటున్నారనుకోండి. వాళ్లు కబుర్లాడుకుంటున్నారని చెప్పబోయి ‘జె రొదలన్’ అంటే వాళ్లు ఎవరినో వెనకాల అంటున్నారని మీరు ఆరోపించినట్టే. అక్కడ ‘జె క్లెత్సన్’ అనాలి.

మామూలు మాట రొదలన్‌గా ఎప్పుడు మారుతుందో డచ్ వాళ్లు కొలిచే తీరు సూటిగా ఉంటుంది. ఆ మనిషి ఇక్కడే కూర్చుని ఉంటే ఇదే మాట ఇలాగే అంటామా? అనగలిగితే అది సమాచారం. గొంతు తగ్గించాల్సి వస్తే రొదలన్. ‘మరీకాకు బాబు పుట్టాడు’ అనేది మరీకా లేనప్పుడు చెప్పినా ఎవరికీ తప్పుగా తోచదు. ‘మరీకా ఈ మధ్య పని ఎగ్గొడుతోంది’ అంటే తోస్తుంది, అది నిజమే అయినా సరే. మాట నిజమైనంత మాత్రాన అది రొదలన్ కాకుండా పోదు. ఈ సంగతి మరిచిపోయి ‘ఉన్నమాటే కదా అన్నాను’ అని వాదించేవాళ్లకు అక్కడ సానుభూతి దొరకదు.

ముందొక చిన్న మాట తగిలిస్తే బరువు మారుతుంది. ‘లెకర్ రొదలన్’ అంటే హాయిగా, సరదాగా చెప్పుకోవడం. స్నేహితులు తమ గురించి తామే నవ్వుతూ ఒప్పుకునే మాట ఇది. ‘రొదల్త్య’ అని లఘురూపం వాడితే చిన్న కబురు, పెద్ద హాని లేదని. ముందు ‘ఖ’ చేర్చి ‘ఖరొదల్’ అంటే ఎడతెగని సొద అనే విసుగు ధ్వనిస్తుంది. ‘రొదల్ ఎన్ అఖ్తర్‌క్లప్’ (చాటుమాటలు, ఆడిపోసుకోవడాలు) జంటపదం, కాస్త పాతవాసన ఉన్నా పత్రికల్లో ఇప్పటికీ వస్తుంది. ‘రొదల్‌తంత’ మాత్రం వాడకండి. తంత అంటే అత్తో పిన్నో. చాటుమాటలు ఆడవాళ్ల పని అనే చిన్నచూపు ఆ మాటలోనే ఉంది. మగవాణ్ని అన్నా అది వెక్కిరింతే.

తారల వ్యక్తిగత జీవితాల మీద బతికే పత్రికను రొదల్‌బ్లత్ అంటారు. హెంక్ ఫన్ దర్ మైదన్ 1977లో మొదలుపెట్టిన ‘ప్రీవే’ ఈ కోవలో పేరున్నది. టీవీలో 2001 నుంచి ‘ఆర్‌టీఎల్ బూల్‌వార్డ్’ వస్తోంది. యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్‌లలో నడిచేవాటికి ‘జూస్‌కనాల్’ అనే కొత్త పేరు వచ్చింది. ప్రసిద్ధుల సంగతులు కాఫీ దగ్గర మాట్లాడుకోవడం ఎవరికీ అభ్యంతరం కాదు, కొత్తగా చేరినవాళ్లు మాట కలపడానికి నిరపాయమైన దారి కూడా.

‘అట’ను పోగొట్టుకోవద్దు

మన భాషలో విన్నమాటకూ చూసినమాటకూ మధ్య గోడ కట్టేది ఒక్క అక్షరం. ‘రాజీనామా చేశాడు’ అంటే పూచీ నాది. ‘రాజీనామా చేశాడట’ అంటే నేను విన్నదే చెబుతున్నాను, పూచీ నాది కాదు. తెలుగువాళ్లు రోజంతా ఆలోచించకుండానే ఈ ‘ట’ వాడుతుంటారు. డచ్‌లోకి మారగానే క్రియ చివర తగిలించడానికి అలాంటిదేమీ దొరకదు, విన్నమాట కాస్తా నిజంగా బయటికి వచ్చేస్తుంది. ‘హై హేఫ్త్ ఒంత్‌స్లఖ్ ఖనోమన్’ అని మీరంటే ‘అతను రాజీనామా చేశాడు’ అని మీరే ధ్రువపరిచినట్టు. సాయంత్రానికి ఆ వార్త మీ పేరుతో తిరుగుతుంది.

డచ్‌లో ‘ట’ పనిని రెండు క్రియలు చేస్తాయి. మాటల్లో ఎక్కువగా వినపడేది స్ఖైంత్: ‘హై స్ఖైంత్ ఒంత్‌స్లఖ్ ఖనోమన్ త హెబన్’, రాజీనామా చేశాడట. వాక్యం ముందే ‘హత్ స్ఖైంత్ దత్…’ అని మొదలుపెట్టి మిగతాది చెప్పినా సరిపోతుంది, నేర్చుకునేవాళ్లకు ఇదే తేలిక. వార్తల్లో, కాస్త జాగ్రత్తగా మాట్లాడేచోట ‘జౌ’ వస్తుంది: ‘హై జౌ ఒంత్‌స్లఖ్ ఖనోమన్ హెబన్’. పత్రికలో ఈ ‘జౌ’ కనిపిస్తే ‘చేశాడని చెబుతున్నారు’ అని చదువుకోవాలి.

ఇక్కడే మరో గుంట ఉంది. స్ఖైంత్, లైక్త్, బ్లైక్త్ మూడూ ఒకేలా వినపడతాయి. స్ఖైంత్ అంటే ‘అట’. లైక్త్ అంటే ‘నాకు అలా అనిపిస్తోంది’. బ్లైక్త్ అంటే ‘తేలింది, రుజువైంది’. స్ఖైంత్ అనబోయి బ్లైక్త్ అంటే పుకారుకు ముద్ర వేసినట్టే. ఒకేసారి మూడూ గుర్తుపెట్టుకోవడం కష్టమైతే ముందు స్ఖైంత్‌ను గట్టిగా పట్టుకుని, బ్లైక్త్‌ను కాగితం చేతిలో ఉన్నప్పుడు తప్ప వాడకండి.

రాజీనామా విషయంలోనే ఇంకో జంట: ‘ఒంత్‌స్లఖ్ ఖనోమన్’ అంటే తనే మానేశాడు, ‘ఒంత్‌స్లాఖన్’ అంటే తీసేశారు. ‘హై ఇస్ ఒంత్‌స్లాఖన్’ అని పొరపాటున అన్నారంటే మంచి ఉద్యోగం వెతుక్కుని వెళ్లిన మనిషిని ఉద్యోగం పోయినవాణ్ని చేశారన్నమాట. అనుమానంగా ఉంటే ‘హై ఖాత్ వెఖ్’ (వెళ్లిపోతున్నాడు) అనండి చాలు, కారణం జోలికి పోదు.

మాటలు పుట్టేచోట్లు

డచ్ వాళ్లు ఏదైనా మొహం మీదే చెప్పేస్తారని, కాబట్టి వెనకాల మాటలుండవని నమ్మి వెళ్లేవాళ్లు దెబ్బతింటారు. సూటిదనం నిజమే. అది ఎక్కువగా పని గురించి, అభిప్రాయాల గురించి. మనుషుల గురించి అక్కడా మాటలు నడుస్తాయి. చాటుమాటలు ఎందుకు చెప్పుకుంటారన్న దాని మీద డచ్ పరిశోధకులు బియాంకా బేర్స్మా, ఖెర్బన్ ఫన్ క్లేఫ్ 2012లో ఒక వ్యాసం ప్రచురించారు. సమాచారం రాబట్టుకుని సరిచూసుకోవడం, కాలక్షేపం, ఒకరి పేరు చెడగొట్టడం, గుంపును చెడ్డవాడి నుంచి కాపాడుకోవడం అని నాలుగు ఉద్దేశాలను వాళ్లు విడదీసి చూపారు. ఎవరైనా మీ చెవిలో ఏదైనా వేసినప్పుడు ఈ నాలుగింటిలో ఏదో చూసుకోండి. ‘ఆయనకు పని అప్పగిస్తే గడువు దాటిస్తాడు, ముందే చూసుకో’ అనే హెచ్చరిక నాలుగోది, విని ఉంచుకోదగ్గది. మూడోదైతే మీరు ఆయుధంగా మారుతున్నారు.

ఆఫీసులో ప్రధాన స్థానం కాఫీ యంత్రం. శుక్రవారం సాయంత్రం పని ముగిశాక జరిగే పానగోష్ఠి, ‘వ్రైమీబో’, ఇంకొకటి. రెండో గ్లాసు తర్వాత గొంతులు తగ్గుతాయి. ‘ఇన్ ద వందల్‌ఖంగన్’ అని మొదలయ్యే వాక్యం వింటే అది సమావేశంలో చెప్పిన మాట కాదు, వరండాల్లో విన్న మాట అని అర్థం. దాన్ని మినిట్స్‌లోకి ఎక్కించకూడదు, అన్నవాళ్ల పేరు అడగకూడదు. ఇళ్లలో పుట్టినరోజున కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుంటారు. ఆ వలయంలో రాని బంధువు గురించే మాట ఎక్కువ. కొత్తవాళ్లు అక్కడ తలూపుతూ వినడం మంచిది, ‘అవును’ అనడం మంచిది కాదు.

కొత్తవాళ్లు తెలియక కాలు వేసేచోటు జబ్బు. సహోద్యోగి సెలవు పెడితే ‘ఏమైందట?’ అని పదిమందినీ అడగడం మనకు ఆప్యాయత. నెదర్లాండ్స్‌లో ఉద్యోగి జబ్బు ఏమిటో, ఎందుకొచ్చిందో అడిగే హక్కు యజమానికే లేదు. అది సంస్థ వైద్యుడికి మాత్రమే తెలియాల్సిన విషయం. ఎన్నాళ్లు రాకపోవచ్చు, పనులు ఎవరికి అప్పగించాలి అనే వరకే యజమాని అడగవచ్చు. అలాంటిచోట మీరు తలా ఒకరిని ఆరా తీస్తే ప్రేమ కనిపించదు, రొదలన్ కనిపిస్తుంది. ఆ మనిషికే ‘బేతర్‌స్ఖప్’ (త్వరగా కోలుకోండి) అని ఒక సందేశం పంపండి. చెప్పాలనుకుంటే వాళ్లే చెబుతారు.

మధ్యలోంచి బయటపడటం

కాఫీ కప్పు నిండుతుండగా ఒకరు మీ వైపు వంగి, ‘హెప్ య అత్ అల్ ఖహోర్త్ ఫన్ పీతర్?’ అంటారు. పీటర్ సంగతి విన్నావా అని. తెలుగు మర్యాద ప్రకారం ‘లేదే, ఏంటి?’ అనేస్తాం. ఆ ఒక్క ప్రశ్నతో మీరు లోపలికి వచ్చినట్టే లెక్క. బదులుగా ‘దార్ వేత్ ఇక్ నిక్స్ ఫన్’ (దాని గురించి నాకేమీ తెలియదు) అని, వెంటనే పని మాట ఎత్తండి. మళ్లీ లాగితే ‘దత్ మూత్ య హెమ్ జెల్ఫ్ వ్రాఖన్’, అంటే అది అతన్నే అడగాలి. మామూలు గొంతుతో అంటే ఇందులో మొరటుతనం ఏమీ ఉండదు. తెలుగులోకి మార్చుకుని వింటే కటువుగా తోచడం వల్లే మనవాళ్లు దీన్ని వాడటానికి జంకుతారు. అప్పటికీ ఆగకపోతే ‘దార్ విల్ ఇక్ అత్ నీత్ ఓవర్ హెబన్’, దాని గురించి మాట్లాడటం నాకిష్టం లేదు. ఇది తలుపు వేసే మాట, మూడోసారికే దాచుకోండి.

‘దత్ బ్లైఫ్త్ ఒందర్ ఒన్స్’ (ఇది మన మధ్యే ఉండాలి) అని ఎవరైనా మొదలుపెడితే, వినేముందే ‘అయితే నాకు చెప్పకపోవడమే మంచిది’ అనవచ్చు. విన్నాక దాచడం కంటే వినకపోవడం తేలిక.

ఆ సహోద్యోగితో మీకే ఇబ్బంది ఉంటే, దాన్ని మూడోమనిషి చెవిన వేయకుండా నేరుగా చెప్పడానికి అక్కడి శిక్షణల్లో నేర్పే నాలుగు ‘ఖ’ల పద్ధతి ఉంది: ఖద్రఖ్ (చేసిన పని), ఖవూల్ (నాకు కలిగిన భావం), ఖవొల్ఖ్ (దాని ఫలితం), ఖవెన్స్త్ ఖద్రఖ్ (నేను కోరుకునేది). ముందు ‘హెప్ య ఏవన్?’ (కాసేపు తీరికుందా?) అని పక్కకు పిలవాలి. మీ నివేదికను ఒకరు సమావేశంలో తన పేరుతో చూపించారనుకోండి. ‘ఇక్ మెర్క్ దత్…’ అని మొదలుపెట్టి, నిన్నటి సమావేశంలో నా నివేదిక నా పేరు లేకుండా చూపించావని గమనించాను. ‘ఇక్ వింత్ దత్ వర్వేలంత్’, నాకది బాధ కలిగించింది. నా పని ఎవరికీ కనిపించకుండా పోతోంది. ‘ఇక్ జౌ ఖ్రాఖ్ విలన్ దత్…’, ఇకమీదట పేరు చెప్పాలని కోరుకుంటున్నాను. చెడిపోయేది మొదటి మెట్టులోనే. ‘నువ్వెప్పుడూ’ (యై… అల్తైత్) అన్నారంటే ఎదుటివాడు ఆ ‘ఎప్పుడూ’ మీదే వాదిస్తాడు, అసలు సంగతి మరుగునపడుతుంది. ఒక్క సంఘటన, ఒక్క తేదీ, అంతే.

మాటలు మీ గురించే అయితే

ముందు మాట ఎంతవరకు వెళ్లిందో నమ్మకమైన ఒక్కరిని అడిగి తెలుసుకోండి. పదిమందిని అడిగితే తెలియనివాళ్లకూ తెలుస్తుంది. తర్వాత మూలం ఎవరో తెలిస్తే నేరుగా వెళ్లి, నా గురించి ఏదైనా ఉంటే నాకే చెప్పు అనండి. డచ్ వాళ్లు దీన్ని గౌరవిస్తారు, చాలాసార్లు కథ అక్కడే ఆగిపోతుంది.

ఆగకుండా రోజూ సాగితే అది వేధింపు. పనిచోట వేధింపును డచ్ కార్మిక భద్రతా చట్టం మానసిక భారాల జాబితాలో చేర్చింది, దాన్ని నివారించే ఏర్పాట్లు చేయడం యజమాని బాధ్యత. చాలా సంస్థల్లో ‘వర్‌త్రౌవన్స్‌పర్సోన్’ అనే ఆంతరంగిక సలహాదారు ఉంటారు. మీరు ఒప్పుకోనిదే ఆ మనిషి మీ మాట బయటపెట్టరు, ఏ చర్యా మొదలుపెట్టరు. వెళ్లేముందు తేదీ, స్థలం, అన్న మాట, విన్నవాళ్లు ఎవరు అన్నవి రాసుకుని వెళ్లండి; వాట్సాప్ గ్రూప్‌లో వచ్చిందైతే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

సంస్థలో జరిగే అక్రమాన్ని బయటపెట్టడం మాత్రం రొదలన్ కిందికీ క్లికన్ కిందికీ రాదు. అలా చెప్పేవాళ్లను క్లొకన్‌లొయ్‌దర్ అంటారు. వాళ్ల రక్షణకు 2023 ఫిబ్రవరి 18 నుంచి కొత్త చట్టం అమల్లో ఉంది. 50 మంది, అంతకుమించి పనిచేసే సంస్థల్లో ఫిర్యాదు చేసే లోపలి దారి తప్పనిసరి.

కోర్టు దాకా వెళ్లేవి తక్కువ. డచ్ శిక్షాస్మృతి 261వ సెక్షన్‌లోని స్మాత్ అంటే ఫలానా పని చేశాడని ఆరోపించి, నలుగురికీ తెలియాలనే ఉద్దేశంతో ఒకరి పరువు తీయడం. గరిష్ఠ శిక్ష 6 నెలల జైలు, అదే రాతలోనో బొమ్మలోనో ప్రచారం చేస్తే 1 సంవత్సరం. అబద్ధమని తెలిసీ చేస్తే 262వ సెక్షన్‌లోని లస్తర్, 2 సంవత్సరాల వరకు. జైలుకు బదులు జరిమానా కూడా వేయవచ్చు. బాధితుడు ఫిర్యాదు చేస్తేనే కేసు నడుస్తుంది, సంగతి తెలిసిన రోజు నుంచి 3 నెలల్లో చేయాలి. చాలామంది ‘చూద్దాంలే’ అని ఈ గడువు దాటిస్తారు. కాఫీ దగ్గర ఒకరి చెవిలో అన్నమాట సాధారణంగా ఇక్కడిదాకా రాదు, అరవైమంది ఉన్న గ్రూప్‌లో పెట్టిన పోస్టు రావచ్చు.

ఇక మీరన్న మాటే ఆ మనిషి చెవిన పడితే, ఎవరు చేరవేశారా అని వెతకడం మొదలుపెట్టకండి, మాట ఇంకా తిరుగుతుంది. అదే రోజు, ఎదురుగా, తలుపు వేసుకుని: ‘దత్ హత్ ఇక్ నీత్ మూతన్ జెఖన్. సోరీ.’ ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది, క్షమించు. వెనకే ‘ఇక్ హత్ నార్ య తూ మూతన్ కోమన్’, నీ దగ్గరికే రావాల్సింది. మెసేజ్‌లో రాయకండి, రాసిన క్షమాపణ స్క్రీన్‌షాట్‌గా మరొకరి దగ్గరికి చేరుతుంది. తర్వాత అసలు ఫిర్యాదు ఏమైనా ఉంటే దాన్ని ఆ పూటే కలపకుండా, రెండు రోజులాగి నాలుగు ‘ఖ’లతో విడిగా మాట్లాడండి.